నాలుగో రీడింగు

మా బడిలో ఒక తీగకు మెమో వచ్చింది.

తీగ అంటే తీగే, ఎవరి ముద్దుపేరూ కాదు. ప్రయోగశాల బీరువాలో చెక్కముక్కకు చుట్టి ఉన్న నిక్రోమ్ తీగ. రాష్ట్ర కార్యాలయంలో పుట్టి, జిల్లాలో ఒక సంతకం, మండలంలో ఒక ముద్ర వేయించుకుని మా రేగళ్ళపాడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చేరిన ఆ మెమోలో ఇలా ఉంది: "పై సూచిక ననుసరించి తెలియజేయునది ఏమనగా, మీ పాఠశాలలోని నిరోధకము నిర్దేశిత ప్రమాణమగు పది ఓములకు గాను ఆరున్నర ఓములు మాత్రమే సాధించి, ముప్పైఐదు శాతము వెనుకబడి యున్నది. ఇందుకు గల కారణములు మూడు దినములలోగా తెలుపవలెను. లేనియెడల సదరు నిరోధకముపై శాఖాపరమైన చర్య గైకొనబడును."

హెడ్మాస్టరు కోటిలింగం గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, నాకు కబురు పంపారు.

నేను తెలుగు మాస్టర్ని. పద్యం చెప్పడంలో నాకు ఎంత పేరుందో తెలియదు గానీ, సంజాయిషీలు రాయడంలో మాత్రం మండలమంతా పేరుంది. పక్క బళ్ళవాళ్ళు కూడా వచ్చి రాయించుకుపోతుంటారు. ప్రహరీగోడ కూలినప్పుడు అది గాలిదే తప్పని రాశాను. మొక్కలు నాటామని పంపిన ఫోటోలో గుంతలు మాత్రమే కనిపించినప్పుడు, మొక్కలు సిగ్గరులని రాయలేదు గానీ దాదాపు అంత పనీ చేశాను. అయితే అవన్నీ మనుషుల తరఫున. లోహం తరఫున రాయవలసి రావడం సర్వీసులో అదే మొదటిసారి.

"పండితులవారూ, ఇది మీరే ఒడ్డెక్కించాల. తీగ తప్పు చేసిందంటన్నారు. తీగ నా కంట్రోల్లో ఉందంటే నా మెడకు చుట్టుకుంటది, లేదంటే కంట్రోలు లేదంటారు" అన్నారు కోటిలింగం గారు.

ఈ గొడవకు మూలం చెప్పాలి. ఆ ఏడాది శాఖవారు పదో తరగతి భౌతికశాస్త్రం రికార్డులన్నిటినీ రాష్ట్రమంతటి నుంచీ తెప్పించి సర్వే చేశారు. ఓం నియమం ప్రయోగం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు ఆనందబాష్పాలు వచ్చాయి. కొండ మీది బడిలోనూ పదే, సముద్రం పక్క బడిలోనూ పదే. కరెంటు స్తంభం కూడా లేని ఊళ్ళో పిల్లలు సైతం సరిగ్గా పది ఓములే రాబట్టారు. ఇంత క్రమశిక్షణ ప్రపంచంలో ఇంకే దేశపు తీగలకూ లేదని ఒక నిపుణుల సంఘం తేల్చింది. వెంటనే 'ఒకే ప్రయోగం, ఒకే ఫలితం' అనే కార్యక్రమం మొదలైంది. దానికి 'ఏకరీతి' అని ఒక యాప్ పుట్టింది. బడి పంపిన ఫలితం పది అయితే యాప్ ఆకుపచ్చగా వెలుగుతుంది. కాకపోతే ఎరుపు. ఎరుపు ఉన్నంతకాలం ఆ బడి పిల్లలకు పబ్లిక్ పరీక్ష హాల్‌టికెట్లు రావు.

పది ఎందుకు వచ్చిందో ఏ బడిలో ఏ పిల్లవాడిని అడిగినా చెప్పేవాడు. అందరూ ఒకే గైడు చూసి రికార్డు రాస్తారు. గైడు లేని ఊళ్ళో అన్నదీ అక్కదీ చూసి రాస్తారు. మా బడిలోనూ అంతే. పట్టికలో నాలుగు వరుసలు. ఒక వోల్టుకు పాయింట్ ఒకటి ఆంపియరు, రెండుకు పాయింట్ రెండు, మూడుకు పాయింట్ మూడు. నాలుగో వరుసలో నాలుగు వోల్టుల పక్కన ఒక సిరామరక. మరక పక్కన మళ్ళీ పది ఓములు. గైడులో ఆ పేజీని ఎవరిదో చేతిరాతతో ఉన్నది ఉన్నట్టు అచ్చువేశారు కాబట్టి మరక కూడా అచ్చయింది. రాష్ట్రంలోని పిల్లలందరూ ఆ మరకను కూడా శ్రద్ధగా దించుతారు. ఎడమవైపు దానికి చిన్న తోక ఉంటుంది, దాన్ని కూడా వదలరు.

సర్వేకు పిలిచిన నిపుణులకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళూ ఎవరినీ అడగలేదు.

మా బడి ఎర్రబడడానికి కారణం సువార్త టీచరు. ఆవిడ ఆ ఏడే బదిలీ మీద వచ్చిన సైన్సు టీచరు. వచ్చిన రెండోరోజే ప్రయోగశాల బీరువా తాళంచెవి అడిగింది. అడిగినవాళ్ళు ఇంతకుముందు లేకపోవడం వల్ల తాళంచెవి ఎక్కడుందో వెతకడానికి వారం పట్టింది. బీరువాలో ఎన్నికలప్పటి ఖాళీ పెట్టెల వెనక వోల్టుమీటరు, అమ్మీటరు, కరెంటును పెంచీ తగ్గించే రియోస్టాటు, ఈ తీగా దొరికాయి. ఆవిడ వాటి దుమ్ము తన కొంగుతోనే దులిపింది.

పదో తరగతికీ నా గదికీ మధ్య గోడ సగమే ఉంది. కాబట్టి ఆవిడ పాఠం నాకూ వినపడేది.

"వోల్టేజి అంటే తోసేది. కరెంటు అంటే పారేది. నిరోధం అంటే పారేదానికి తీగలో తగిలే అడ్డు. ఈ తీగ మారలేదు కాబట్టి అడ్డు మారదు. మరి తోపు రెట్టింపు చేస్తే పారకం ఎంత కావాల?"

"రెట్టింపు టీచర్" అన్నారు పిల్లలు.

"అవుద్దో లేదో నేను చెప్పను. ముల్లును అడగండి."

ముల్లును అడగడమనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మా చదువులో అడిగేది మాస్టార్లు, చెప్పేది మేము, తప్పయితే తినేది కూడా మేమే. మీటరు ముల్లుకు ఇందులో మాట్లాడే హక్కు ఉన్నట్టు ఎవరూ అనలేదు.

రెండు వోల్టులు పెడితే ముల్లు పాయింట్ మూడు ఒకటి చూపింది. ఆరున్నర ఓములు వచ్చాయి. సువార్త టీచరు ఆ ఆరున్నరనే యాప్‌లో ఎక్కించింది. అదీ ఆవిడ చేసిన నేరం.

నేను మూడురోజులు ఆలోచించి సంజాయిషీ రాశాను. సదరు తీగ గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చినదనీ, సంవత్సరాల తరబడి చీకటి బీరువాలో ఉండి అభ్యసనకు దూరమైందనీ, సహృదయంతో పరిశీలించి తీగకు మరొక అవకాశం ఇవ్వాలనీ వేడుకున్నాను. పైవాళ్ళు మెచ్చుకున్నారు. జవాబు వారంలో వచ్చింది. "సంజాయిషీ సంతృప్తికరముగా ఉన్నది. సదరు నిరోధకమునకు నలభై దినములు, ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట, ప్రత్యేక తరగతులు నిర్వహించి, హాజరుపట్టీ సమర్పించవలెను."

నిర్వహించాం. నిర్వహించక చస్తామా. తీగను ముందు బెంచీ మీద పెట్టాం. వంతులవారీగా ఒక్కో ఉపాధ్యాయుడు దాని ఎదురుగా కూర్చోవాలి, ఫోటో తీసి పంపాలి. సోమవారం సాంఘికశాస్త్రం మాస్టారు దానికి సముద్రాల పేర్లు చెప్పారు. బుధవారం నా వంతు. ఏం చెప్పాలో తోచక సంధులు చెప్పాను. డ్రిల్లు మాస్టారు శని ఉదయం దాన్ని ఆరుబయటకు తీసుకువెళ్ళి కాస్త గాలి తగలనిచ్చారు. హాజరుపట్టీలో తీగ ఒక్కరోజు కూడా ఆబ్సెంటు కాలేదు. ఆ మాటకొస్తే మా బడి చరిత్రలో నూరు శాతం హాజరు దానిదొక్కటే.

నలభై రోజుల తరువాత కొలిచారు. ఆరున్నర.

కోటిలింగం గారు కుర్చీలో కూలబడ్డారు. "ముప్పైఒక్క మంది పిల్లల హాల్‌టికెట్లు ఆగిపోతన్నయ్యమ్మా సువార్తా. ఆ పది ఏదో వేసేస్తే పోద్ది గదమ్మా."

"పది వస్తే పది వేస్తాను సార్. రానిది ఎట్టా వేసేది?" అందావిడ.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి నాగూర్‌బీ మాట్లాడింది. పదో తరగతిలో రెండో వరుస పిల్ల. తండ్రి మస్తాన్ వలీకి రోడ్డు మీద మోటార్లకు వైండింగు చేసే కొట్టుంది. ఆ పిల్ల అక్షరాలు దిద్దిన చేత్తోనే రాగితీగ కూడా చుట్టింది. ఈమధ్య ఆయనకు చూపు మందగించి సన్న తీగ పని కూతురికే వదిలేశాడు. పది పాసై పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలన్నది ఆ పిల్ల పట్టుదల. ప్రవేశపరీక్షకు దరఖాస్తు కూడా పెట్టింది. కాబట్టి హాల్‌టికెట్టు రాకపోతే అందరికంటే ముందు మునిగేది తనే.

"సార్, తీగ పొట్టిది. పొడుగు పెంచితే అడ్డు పెరుగుద్ది. నేను స్కేలు పెట్టి కొలిచా, అరవైఐదు సెంటీమీటర్లే ఉంది. మీటరు ఉండాల్సింది. మిగతాది ఎవరో కత్తిరించారు" అంది.

"ఎవరు కత్తిరించారు?"

"ఎవరో తెలవదు సార్. మన బడిగంట కట్టింది మాత్రం నిక్రోమ్ తీగతోనే. రోజూ చూస్తన్నా."

అందరం వరండాలోకి పరుగెత్తాం. గంట నిజంగానే ఆ తీగతోనే కట్టి ఉంది. ఎవరి కాలంలో కట్టారో, ఎన్ని వేల పీరియడ్లు మోసిందో ఎవరికీ తెలియదు. విప్పి కొలిస్తే ముప్పైఐదు సెంటీమీటర్లు, ఆపైన మెలిక కోసం కొంచెం. సువార్త టీచరు రెండు ముక్కల చివర్లూ గరుకుకాగితంతో రుద్దింది. నాగూర్‌బీ వాటిని మెలేసి, తండ్రి కొట్టులో పట్టుకారుతో బిగించుకొచ్చింది. మళ్ళీ కొలిచారు. ఒక వోల్టుకు పాయింట్ ఒకటి. రెండుకు పాయింట్ రెండు. మూడుకు పాయింట్ మూడు. పది ఓములు. పిల్లలు బల్లలు చరిచారు. గంటను కొబ్బరితాడుతో కట్టాం.

ఈ సంగతి పైకి తెలిపాం. శాఖవారు తెలుసుకున్నది మాత్రం ఇంకొకటి. ప్రత్యేక తరగతుల వల్ల ఒక వెనుకబడిన తీగ నలభై రోజుల్లో పది సాధించిందని పత్రికాప్రకటన ఇచ్చారు. కోటిలింగం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. తీగకు కూడా ఒకటి వచ్చింది, ఫ్రేము కట్టించి వరండాలో తగిలించాం. దగ్గరి మండలాల నుంచి నలుగురు హెడ్మాస్టర్లు తమ తమ తీగలు పట్టుకుని, మా తీగకు ఏం పాఠం చెప్పామో అడిగి రాసుకుపోవడానికి వచ్చారు. సంధులు బాగా పనిచేశాయని కోటిలింగం గారు వాళ్ళకు చెప్పారట.

ఇక హాల్‌టికెట్లే తరువాయి అనుకున్నాం. సువార్త టీచరు యాప్‌లో నాలుగు రీడింగులూ ఎక్కించబోయింది. మూడు వరుసలు ఆకుపచ్చగా వెలిగాయి. నాలుగో వరుసలో అంకె వేసే గడే లేదు. 'మరక' అన్న ఒకే ఒక్క మాట ఉంది, దాన్ని నొక్కాలి.

ఇదేమిటని ఆవిడ రాసింది. నిపుణుల సంఘం నుంచి రెండు పేజీల వివరణ వచ్చింది. రాష్ట్రంలోని తొంభైఎనిమిది శాతం రికార్డులలో నాలుగో రీడింగు వద్ద ఒక నల్లని గుర్తు ఏకరీతిగా ఉన్నదనీ, ఇది యాదృచ్ఛికం కాజాలదనీ, విద్యార్థికి వినయం నేర్పడానికి పూర్వులు ఉద్దేశపూర్వకంగా ఉంచిన విరామమనీ, కావున రికార్డులో సదరు మరకను నాలుగు మిల్లీమీటర్ల వ్యాసంతో, ఎడమవైపు తోకతో చిత్రించాలనీ అందులో ఉంది. తోక కుడివైపు ఉంటే అర మార్కు కోత.

వివరణకు జతచేసిన బొమ్మ చూడగానే నేను కుర్చీలోంచి లేచాను. కూజాలో నీళ్ళు రెండు గ్లాసులు తాగాను. ఆ తోక నాకు బాగా తెలిసినదే, కానీ ఆ సంగతి అప్పుడు ఎవరితోనూ అనలేదు.

డ్రాయింగు మాస్టారు రెండు పీరియడ్లు మరక వేయించారు. ముప్పైమంది వేసేశారు. వాళ్ళను తప్పుపట్టను, హాల్‌టికెట్టు కావాలంటే మరక ఏమిటి, మర్రిచెట్టు వేయమన్నా వేస్తారు. నాగూర్‌బీ మాత్రం మరక ఉండాల్సిన చోట 'పాయింట్ నాలుగు' అని రాసి రికార్డు ఇచ్చేసింది. సువార్త టీచరు దానికి సంతకం పెట్టింది. మిగతా పేర్లన్నీ ఆకుపచ్చ అయితే, యాప్ ఆ ఒక్క పేరు ముందు ఎర్రగా నిలబడింది.

మస్తాన్ వలీని బడికి పిలిపించారు కోటిలింగం గారు. ఆయన చేతులకు వార్నిషు మరకలతోనే వచ్చాడు.

"నువ్వన్నా చెప్పవయ్యా వలీ. ఒక్క చుక్కకి పిల్ల సంవత్సరం పోగొట్టుకుంటదా?"

"చెప్పా సారూ. పెట్టేయ్ తల్లీ, మనకెందుకు అన్నా. నాకెట్టా చెప్పిందంటే, నువ్వు మోటారు చూడకండా బాగయిందని రాసిచ్చావా ఎప్పుడన్నా అని అడిగింది. నేను ఇయ్యలా. ఇంకేం మాట్టాడతా?"

పరీక్షలకు పన్నెండు రోజులుందనగా జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. రాష్ట్రంలో మిగిలిన ఎరుపు అదొక్కటే అట. ఏకరీతి పథకం ఆయన బిడ్డలాంటిది. మనిషి పల్చగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన ఉత్తర్వులా ఉన్నారు. వరండాలో తీగ ప్రశంసాపత్రం ముందు ఒక నిమిషం నిలబడి లోపలికి వచ్చారు.

"విచలనం ఈ అమ్మాయేనా?" అని అడిగారు.

"నాగూర్‌బీ సార్" అంది సువార్త టీచరు.

బల్ల మీద పరికరాలు అమర్చి ఉన్నాయి. నాగూర్‌బీ ప్లగ్గు పెట్టింది. ఒకటి, రెండు, మూడు వోల్టులు పెట్టి రీడింగులు చదివింది. నాలుగుకు తెచ్చి పక్కకు జరిగింది.

"సార్, ముల్లు చూడండి."

పరాంకుశం గారు కిటికీ వైపు చూశారు. "అమ్మాయ్, నేను చూస్తే అది పరిశీలన అవుతుంది. నా హోదాకు పరిశీలన లేదు. సమీక్ష మాత్రమే ఉన్నది."

"ఒక్కసారి చూస్తే అయిపోద్ది సార్" అంది సువార్త టీచరు.

"ఒకచోట చూడడం ఆరంభిస్తే ఎక్కడ ఆగుతుంది మేడం? రాష్ట్రంలో వేలకొద్దీ ముళ్ళు ఉన్నాయి. ఒక్కో ముల్లు ఒక్కో మాట చెప్పిన పక్షంలో విధానపరమైన సంక్షోభం తలెత్తుతుంది. మరకలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, అది ఎవరితోనూ విభేదించదు."

కోటిలింగం గారు నాగూర్‌బీ పక్కకు వచ్చి గొంతు తగ్గించారు. "తల్లీ, పెన్ను ఇట్టా ఆనిస్తే చాలు. సంవత్సరం నిలబడుద్ది."

"ఆనించొచ్చు సార్. రేపు మోటారు కాలినోళ్ళు వచ్చి ఎంత కరెంటు లాగతందని అడిగితే, చుక్క చూపిమంటారా?"

పరాంకుశం గారు ఫైలు మూశారు. "అయిన పక్షంలో హాల్‌టికెట్టు జారీ ప్రశ్న ఉత్పన్నం కాదు." అలా అని టిఫినుకు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళారు. నాగూర్‌బీ ఏడవలేదు. రియోస్టాటును వెనక్కి జరిపి, ప్లగ్గు తీసి, తీగ జాగ్రత్తగా చెక్కకు చుట్టింది. ఏడ్చి ఉంటే నేను ఆ రోజు కూడా నోరుమూసుకునే వాడినేమో. ఆ చుట్టడం చూడలేకపోయాను.

మా ఇల్లు బడి వెనకే. ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళి శుభలేఖల కింద, ఒక పాత రికార్డు పుస్తకం ఉంది. అట్ట మీద 'జంపని లక్ష్మీపతి, పదవ తరగతి, బి సెక్షను' అని గుండ్రటి అక్షరాలు. నావే. నేను ఈ బడిలోనే చదివాను. అది పట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బడికి తిరిగి వచ్చాను. పరాంకుశం గారు రెండో ఇడ్లీ మీద ఉన్నారు. కోటిలింగం గారూ సువార్త టీచరూ పక్కన నిలబడి ఉన్నారు.

ఓం నియమం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

ఆయన చూశారు. ఇడ్లీ పక్కన పెట్టారు. మరకనూ తోకనూ చూసి, గైడు పేజీ తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చూశారు. లేచి నిలబడ్డారు. "ఇది... ఇది మూలప్రతి" అన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి నాకు నమస్కారం పెట్టారు.

"నమస్కారం కాదు సార్, నేను చెప్పేది వినండి" అని మొత్తం చెప్పేశాను. ముప్పైనాలుగేళ్ళ కిందట మా బడికి తీగ లేదు, మీటర్లు లేవు, ఆ ఏడు సైన్సు మాస్టారు కూడా ఆర్నెల్లు లేరు. నేను లెక్కల్లో మొద్దుని. భాగహారం తేలికగా ఉంటుందని నిరోధం పది అని నేనే అనుకున్నాను, వెనక్కి వెళ్ళి మిగతా అంకెలు వేసుకున్నాను. నా చేతిరాత బాగుంటుందని తరువాత వచ్చిన మాస్టారు ముచ్చటపడి రికార్డును గైడు వేసేవాళ్ళకు చూపించారు. వాళ్ళు అచ్చువేసుకుని తిరిగి ఇచ్చారు. అంతే సార్. ఈ రాష్ట్రంలో ఇన్నేళ్ళుగా పిల్లలు దించుతున్నది నా బద్ధకం.

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా హెడ్మాస్టరు గారూ, వినయం. ప్రమాణాలు నెలకొల్పినవారు ఇట్లాగే మాట్లాడతారు. పరికరాలు లేకుండా ప్రమాణాన్ని సాధించడమంటే సామాన్య విషయం కాదు." జేబులోంచి నోటుపుస్తకం తీసి రాసుకున్నారు కూడా.

తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళి సన్మానం పొందిన దౌర్భాగ్యం పగవాడికి కూడా వద్దు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సువార్త టీచరు వైపు చూశాను. ఆవిడ కళ్ళలో కోపం లేదు. నన్ను కొత్తగా చూస్తున్నట్టుంది.

"మాస్టారూ, మూలకర్తగా తమరిని ఒక్క స్పష్టీకరణ కోరుతున్నాను. మరక కింద ఏ అంకె ఉన్నది? తమరు సెలవిచ్చిన పక్షంలో ప్రమాణాన్ని ఇప్పుడే సవరించవచ్చు. తమరి వాఙ్మూలానికి మించిన ఆధారం లేదు" అన్నారు పరాంకుశం గారు.

నాగూర్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది.

మరక కింద ఏముందో నాకు బాగా గుర్తు. పాయింట్ అయిదు ఉంది. పరధ్యానంలో నాలుగుకు అయిదు వేశాను. కొట్టివేత కనపడితే మార్కు తగ్గిస్తారు, మరక పడితే పాపం పిల్లవాడు అనుకుంటారు. అందుకని పెన్ను విదిలించాను. పడిన చుక్కను గోటితో ఎడమవైపుకు లాగి అయిదును పూర్తిగా కప్పాను. తోక అలా వచ్చింది. ఇప్పుడు ఉన్నమాట చెబితే ప్రమాణం పాయింట్ అయిదు అవుతుంది. ఆ పిల్ల పేరు ఎర్రగానే ఉంటుంది. అంతటితో ఆగదు, రాష్ట్రంలోని తీగలన్నిటికీ మళ్ళీ మెమోలు పోతాయి.

"పాయింట్ నాలుగు" అన్నాను.

"ఖచ్చితంగానా?"

"నా చేత్తో రాసింది నాకు తెలియదా సార్."

ఆయన అక్కడికక్కడే ఎవరికో ఫోను చేశారు. అరగంటలో యాప్‌లో నాలుగో వరుసకు గడి వచ్చింది. 'మూలకర్త వాఙ్మూలము మేరకు సవరించడమైనది' అని కింద చిన్న అక్షరాలు. సువార్త టీచరు పాయింట్ నాలుగు కొట్టింది. నాగూర్‌బీ పేరు ఆకుపచ్చ అయింది. మరక వేసిన ముప్పైమందీ దాన్ని తుడిచి అంకె వేసుకోవాలని సాయంత్రానికల్లా సర్క్యులరు. డ్రాయింగు మాస్టారు ఈసారి రబ్బరు పట్టుకునే పద్ధతి నేర్పించారు.

హాల్‌టికెట్టు చేతికి వచ్చిన రోజు నాగూర్‌బీ నా గదికి వచ్చింది. దాన్ని రికార్డు పుస్తకంలో మడత పడకుండా పెట్టుకుంది. థాంక్స్ చెబుతుందనుకుని కాస్త సర్దుకుని కూర్చున్నాను.

"తెలుగు సార్, మరక కింద నిజంగా పాయింట్ నాలుగే ఉందా?"

పైవాళ్ళకు ఎన్ని సంజాయిషీలైనా రాస్తాను. ఆ పిల్ల ముందు అబద్ధానికి నోరు రాలేదు. "అయిదు" అన్నాను.

ఆ పిల్ల తలాడించింది. అనుకున్నట్టే ఉందన్న తలాడింపు. "ముల్లు ఎదురుగ్గా నాలుగు చూపిస్తంటే ఒప్పుకోలా. మీరు లేనిది చెప్తే ఒప్పుకున్నారు. ఎందుకు సార్?" అంది.

నా సర్వీసులో నేను సంజాయిషీ రాయలేకపోయింది ఆ ఒక్కదానికే. సిగ్గేసింది. ఊరికే బల్ల మీది సుద్దముక్కను అటూ ఇటూ జరిపాను. ఆ పిల్లకు నా మీద జాలి వేసినట్టుంది.

"టీచరు తొమ్మిదోళ్ళకి ప్రయోగం చేపిస్తన్నారు. మీరూ రండి సార్. మీరు రాసిందేగా, ఒకసారి చూద్దురు."

వెళ్ళాను. పిల్లల వెనక నిలబడ్డాను. సువార్త టీచరు నన్ను చూసి బల్ల దగ్గర చోటిచ్చింది. నాగూర్‌బీ రియోస్టాటు జరిపింది. ముల్లు కొంచెం తడబడి, పైకి లేచి, పాయింట్ నాలుగు దగ్గర నిలబడింది. నేను ముప్పైనాలుగేళ్ళ కిందట రాసేసిన ప్రయోగాన్ని చూడడం అదే మొదటిసారి.

"తీగ ముట్టుకోండి సార్, ఏం కాదు" అంది నాగూర్‌బీ.

ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది. ఆ సంగతి నా రికార్డులో లేదు.